లాఠీ దెబ్బ, మనోగాయము

తుంగభద్ర కుడిగట్టు వైపున ఉన్న సి.బెళగల్ మండలములో గాని, దానికి పడమటి దిక్కున ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములలో గాని, కూలికి పోవు మనిషి కాలు విరిగినచో ఊరంతయు వచ్చి చూచును. కట్టు కట్టించువారు, కోడిగ్రుడ్లు పంపువారు, నెల దినములు పనికి పోవద్దని చెప్పువారు ఉందురు. అదే మనిషిని దొంగతనము కేసులో అనుమానించి, ఠాణాలో రెండు దినములుంచి, కొట్టి, ఏమియు తేలక విడిచిపెట్టిరనుకొందము. వాపులు పదునైదు దినములలో తగ్గిపోవును. కాని అతడు పనికి పోడు. రాత్రి వీధిలో మోటారు సైకిలు ఆగిన చప్పుడైనచో దిగ్గున లేచి కూర్చుండును. ఖాకీ చొక్కా తొడిగిన బస్సు కండక్టరును చూచినను అరచేతులు చెమర్చును. భార్య పలుకరించినచో కసరును; తరువాత తానే ఏడ్చును. చూచినవారు సోమరితనమందురు. కొందరు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు.

ఇది సోమరితనము కాదు, గాలియు కాదు. ఇదియు ఒక గాయమే. వైద్యులు దీనిని ట్రామా అందురు. గ్రీకు భాషలో ఆ మాటకు గాయమనియే అర్థము. తెలుగులో మనోగాయమని చెప్పుకొనవచ్చును. విరిగిన ఎముక వలెనే దీనికిని ఒక తీరు, ఒక కాలక్రమము, ఒక చికిత్స కలవు.

మెదడులో రెండు ప్రక్కల బాదంగింజ ఆకారము గల చిన్న భాగములున్నవి. వాటిని ఎమిగ్డలా అందురు. అపాయమును పసిగట్టి శరీరమును మేల్కొలుపుట వీటి పని. పాము కనబడగానే మనము ఆలోచింపక ముందే కాలు వెనుకకు పోవుటకు కారణమిదే. ఆ క్షణమున మూత్రపిండములపై నుండు గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను ద్రవ్యములను రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును, ఆకలి చచ్చును. పారిపోవుటకో, ఎదుర్కొనుటకో శరీరము సిద్ధమగును. పాము పోయిన తరువాత అంతయు నెమ్మదించును. కాని కొట్టబడుచున్న నిర్బంధితునికి ఈ రెండు మార్గములును లేవు. పరుగెత్తుటకు తలుపు లేదు, తిరుగబడినచో దెబ్బలు హెచ్చును. సిద్ధమైన శక్తి పోవుటకు దారి లేక గంటల తరబడి లోపలనే మరుగుచుండును.

ఎమిగ్డలా ప్రక్కనే హిప్పోకాంపస్ అను మరియొక భాగమున్నది. దీనిని పూర్వపు ఊరి కరణముతో పోల్చవచ్చును. ఏ సంగతి ఎప్పుడు జరిగినది, ఎక్కడ జరిగినది, దాని ముందేమి, వెనుకేమి అని చిట్టాలో క్రమముగా ఎక్కించుట దీని పని. మితిమీరిన భయము కలిగినప్పుడు ఈ కరణము చేయి వణకును. లాఠీ చప్పుడు, ఫినాయిలు వాసన, ఒకని నవ్వు, గోడపై బల్లి, ఇవి అన్నియు పటములవలె పదిలముగా నిలుచును గాని, వాటికి తేదీ, వరుస పడవు. తేదీ లేని జ్ఞాపకము గతముగా తోచదు. ఇప్పుడే జరుగుచున్నట్లు తోచును. ఫినాయిలు వాసన తగిలినప్పుడు అతడు ఠాణాను గుర్తుతెచ్చుకొనుట లేదు. ఆ క్షణమున ఠాణాలోనే ఉన్నాడు.

ఈ లక్షణముల సముదాయమునకు అమెరికా మనోవైద్య సంఘము 1980లో తన రోగ నిర్ణయ గ్రంథములో ప్రత్యేకముగ పేరు పెట్టినది. జరిగినది పదే పదే కండ్లముందు మెదలుట, దానిని గుర్తుచేయు చోట్లను మనుష్యులను తప్పించుకొని తిరుగుట, తనమీదను లోకముమీదను నమ్మిక చచ్చుట, ఎల్లవేళల ఉలికిపాటు — ఇవి ఒక నెలకు మించి నిలిచి సంసారమునకును పనికిని అడ్డు వచ్చినచో ఆ రోగమని నిర్ణయింతురు. దెబ్బలు తిన్న ప్రతివానికిని ఇది రాదు. ఇంటివారి ఆదరణ, పనిపాటుల క్రమము ఉన్నచో చాలమంది తమంతట తామే కోలుకొందురు. అయినను, యుద్ధములవలన, అంతఃకలహములవలన నష్టపడిన జనులపై జరిగిన 181 సర్వేలలోని 81,866 మంది వివరములను కలిపి పరిశీలించి 2009లో ప్రకటించిన ఒక అధ్యయనములో, ఈ రోగముతో అన్నిటికంటె బలమైన సంబంధము కలది చిత్రహింస యని తేలినది.

ఇతర ఆపదలకును దీనికిని భేదమేమో ఈ జిల్లావారికి సులభముగా బోధపడును. 2009 అక్టోబరు మొదట తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచినవి. ఆ రాత్రి మిద్దెలపై గడిపినవారిలో అనేకులు తరువాత వాన చప్పుడుకు ఉలికిపడిరి. కాని ఆ దుఃఖము అందరిదియును. అన్నపు పొట్లములు వచ్చినవి, అధికారులు వచ్చిరి, ప్రక్కయింటివాడు తానును అదే చెప్పుకొనెను. వరద నీవేమి తప్పు చేసితివని ఎవరును అడుగలేదు. ఠాణాలో దెబ్బలు తిన్నవానికి ఈ ఓదార్పు లేదు. "ఏమీ చేయకుంటే ఊరికే కొడ్తారా?" అను మాట అతనికంటె ముందే ఇల్లు చేరును. పైగా కొట్టినవాడెవడు? ఆపద వచ్చినప్పుడు ఎవరితో మొరపెట్టుకొనవలెనో ఆతడే. దొంగ కొట్టినచో ఠాణాకు పోవచ్చును. ఠాణాలోనే కొట్టినచో ఎక్కడికి పోవలెను? మనోగాయమును మాననీయనిది చాలవరకు ఈ ప్రశ్నయే.

ఈ ప్రశ్న పాతది. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు కొరకు రైతులను హింసించుచున్నారను ఆరోపణ 1854 జూలైలో ఇంగ్లండు పార్లమెంటులో చర్చకు వచ్చినది. దానిపై మద్రాసు ప్రభుత్వము ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురితో విచారణ సంఘమును నియమించినది. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోనిది; కర్నూలు జిల్లాలో చేరినది 1953లో. కర్నూలు సీమ 1839లో నవాబు చేతినుండి కంపెనీ చేతికి వచ్చినది. రెండును ఆ విచారణ పరిధిలోనివే. సంఘమునకు 1,959 ఫిర్యాదులు అందినవి. అందు 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనినవారు. రైలు లేని కాలమున, ఎడ్లబండ్లపైనను కాలినడకను వందల మైళ్ళు ప్రయాణము చేసి మద్రాసు చేరిన మనుష్యులు వారిలో ఉన్నారు. దెబ్బ మానిపోయిన తరువాత ఇంత దూరము వారిని నడిపించినదేమో ఆలోచింపదగినది.

1855లో వెలువడిన ఆ నివేదిక హింసా పద్ధతులను పేరుపేరున వర్ణించినది. వాటిలో ఒకటి కిట్టి; దీనికి తెలుగులో చీరత అని ఆ నివేదికయే పేరు చెప్పినది. రెండు కఱ్ఱలను ఒక కొసన కలిపి, నిమ్మకాయ పిండు సాధనమువలె చేసి, నడుమ వ్రేళ్ళనుంచి నొక్కుట. మరియొకటి మనిషిని వంచి, తలను కాళ్ళవైపు త్రాటితో బిగించి ఎండలో నిలుపుట. ఆ కాలమున తహశీలుదారే శిస్తు వసూలు చేయును, పోలీసు అధికారమును ఆతనిదే. శిస్తు కొరకు అలవాటైన చేయి నేరవిచారణలోను అదే పని చేసెను. ఇంత హింస జరుగుచుండగా జనులేల ఫిర్యాదు చేయలేదనుటకు సంఘము చూపిన కారణములు గమనింపదగినవి: దూరము, ఖర్చు, ఆలస్యము, పరిహారము దొరకుట దుర్లభమగుట, మరల ఆ అధికారి చేతిలోనే పడుదుమను భయము. ఈ నివేదికను చదివి కారల్ మార్క్స్ 1857లో ఒక న్యూయార్కు పత్రికలో వ్యాసము వ్రాసెను.

నివేదిక వృథా పోలేదు. 1859లో మద్రాసు రాజధానికి ప్రత్యేక పోలీసు చట్టము వచ్చి, పోలీసు పని శిస్తు పనినుండి వేరైనది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై సాక్ష్యముగా వాడరాదను నియమము 1861 నాటి నేర విచారణ చట్టములో చేరి, 1872 నాటి సాక్ష్య చట్టమున 25వ సెక్షనుగా నిలిచినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములో అది 23వ సెక్షను. కొట్టి ఒప్పించినను కోర్టులో పనికిరాదని తెలిసినచో కొట్టుట మానుదురని చట్టము చేసినవారి ఊహ.

ఊహలో ఒక రంధ్రము మిగిలినది. నిర్బంధములో నున్న ముద్దాయి చెప్పినదానివలన ఏదైన వస్తువు బయటపడినచో, ఆ వస్తువునకు సంబంధించిన మేరకు ఆ మాటను సాక్ష్యముగా గ్రహింపవచ్చునని అదే చట్టము చెప్పుచున్నది. దొంగతనము కేసులలో రికవరీ అను మాటకు ఇంత బలము వచ్చినది ఇందువలననే. సొమ్ము దొరకవలెను, పై అధికారికి లెక్క చూపవలెను, ఎదుట అండలేని ఒక మనిషి ఉన్నాడు. చట్టము నూటయేబది యేండ్లనుండి వలదన్న పని ఈ సందునుండియే లోనికి వచ్చుచున్నది.

నిజమునకు కొట్టి రాబట్టిన మాటపై విజ్ఞానశాస్త్రమునకును నమ్మిక లేదు. భయము హెచ్చినకొలది కరణము చిట్టా చెడునని చెప్పుకొంటిమి గదా. అనగా నిజముగ తెలిసిన సంగతి కూడ సరిగా జ్ఞప్తికి రాదు. తెలియనివాడు నొప్పి ఆగుటకై ఎదుటివాడు కోరిన మాట చెప్పును. ఇంగ్లండులో అబద్ధపు అంగీకారములపై శిక్షలు పడిన కేసులు కొన్ని బయటపడిన పిమ్మట, 1990 తరువాతి యేండ్లలో పోలీసుల ప్రశ్నించు పద్ధతినే మార్చిరి. ఒప్పించుట మాని, తెలిసినదంతయు చెప్పనిచ్చి, తరువాత దానిని ఋజువులతో సరిచూచుట నేర్పుచున్నారు.

2020 నవంబరులో, అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉన్న నంద్యాల పట్టణములో, ఆటో నడుపుకొను ఒకడును, అతని భార్యయు, ఇద్దరు బిడ్డలును ఒక్కమారే ప్రాణములు తీసికొనిరి. తరువాత బయటికి వచ్చిన వీడియోలో, తాము చేయని దొంగతనము తమపై మోపి పోలీసులు వేధించుచున్నారనియు, తమకు సహాయపడువారెవరును లేరనియు వారు చెప్పియుండిరి. ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరును, ఒక హెడ్ కానిస్టేబులును అరెస్టు చేసిరి. దోషనిర్ణయము న్యాయస్థానముల పని. మనోవైద్యము దృష్టితో చూడవలసినది వేరొకటి: సహాయపడువారు లేరను ఆ మాట. నిద్రలేమి, అవమానము, ఇంకను రాబోవు వేధింపును గూర్చిన భయము కలిసినప్పుడు మనిషికి ముందుదారి మూసికొనిపోయినట్లు తోచును. ఆ స్థితి గడచిపోవునది; గడచువరకు ప్రక్కన మనిషి ఉండవలెను. చావే మేలను మాట ఎవరి నోట వినబడినను దానిని బెదిరింపని తీసివేయరాదు, ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 అను నెంబరుపై పగలు రాత్రి ఎప్పుడైనను ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.

చికిత్స శరీరమునుండి మొదలు పెట్టవలెను. దీనికి రెండు కారణములున్నవి. మొదటిది, మానసికమని తోచు బాధలో కొంత నిజముగ దేహబాధయే. అరికాళ్ళపై కొట్టినచో మడమ క్రింది మెత్తని క్రొవ్వు పొర నలిగి, అరికాలి పట్టీ చెడి, వాపు తగ్గిన తరువాతను నడచినప్పుడెల్ల మంట పుట్టును. ఎమ్మిగనూరు గుంటమగ్గములపై నేయువానికి పాదములే సగము పనిముట్లు; వాడు మగ్గము దిగిపోవుట సోమరితనమెట్లగును? చేతులు వెనుకకు కట్టి వ్రేలాడదీసినచో భుజమునందలి నరముల కూడలి సాగి చేయి తిమ్మిరెక్కును. మిరపకోతకు గుంటూరు సీమకు వలసపోవు కూలికి ఆ చేయియే ఆధారము. తలపై దెబ్బలు తగిలినచో మతిమరపు, చికాకు, వెలుతురు ఓర్వలేమి కలుగును. ఇవి మనోగాయపు లక్షణములను పోలియుండును గనుక వైద్యుడు రెంటిని విడదీసి చూడవలెను.

రెండవ కారణము సాక్ష్యము. లాఠీవంటి గుండ్రని కఱ్ఱతో కొట్టినచోట చర్మముపై రైలుపట్టాలవలె రెండు సమాంతరపు గీతలు కమిలి, నడుమ భాగము పాలిపోయి ఉండును. కఱ్ఱ తగిలిన నడిమి రక్తము ఇరుప్రక్కలకు నెట్టబడి, అంచులలోని సన్నని నాళములు చిట్లుటయే దీనికి హేతువు. జారిపడినచో ఇట్టి గుర్తు ఏర్పడదు. నల్లని చర్మముపై కమిలిన మచ్చలు స్పష్టముగ కనబడవు. తాకి చూడవలెను, నొప్పి ఎచ్చట ఉన్నదో అడుగవలెను. రంగును బట్టి గాయము ఇన్ని దినముల నాటిదని కచ్చితముగ చెప్పుట సాధ్యము కాదు. పసుపు రంగు సుమారు 18 గంటలకు ముందు కనబడదని మాత్రము చెప్పవచ్చును. ఈ గుర్తులు వారము పది దినములలో మాసిపోవును. అందుచేత విడుదలైన దినమే ప్రభుత్వ వైద్యశాలకు పోయి ప్రతి గాయమును వ్రాయించుకొనుట, పొడవు తెలియునట్లు ప్రక్కన కొలబద్ద నుంచి ఫొటోలు తీయించుకొనుట అవసరము. ఐక్యరాజ్యసమితి 1999లో స్వీకరించి 2022లో సవరించిన ఇస్తాంబుల్ ప్రోటోకోల్ అను మార్గదర్శినిలో, గాయములనే గాక మనోలక్షణములను సైతము ఎట్లు పరీక్షించి, చెప్పిన కథతో అవి ఎంతవరకు పొసగునో ఎట్లు వ్రాయవలెనో వైద్యులకు వివరముగ చెప్పినారు.

ఇచట ఒక చిక్కున్నది. బాధితుడు మొదట చెప్పినదానికిని, నెల తరువాత చెప్పినదానికిని పొంతన కుదరదు. ఇద్దరు కొట్టిరని ఒకమారు, ముగ్గురని మరియొకమారు. రాత్రి అన్నది తెల్లవారుజామగును. ఎదుటిపక్షపు వకీలు దీనిని అబద్ధమునకు గుర్తని వాదించును. తేదీ పడని జ్ఞాపకముల స్వభావమే అది. తడబాటొక్కటియే చూచి కథ కల్పితమని నిశ్చయించుట శాస్త్రమునకు విరుద్ధము. అట్లని ప్రతి తడబాటును నిజమునకు సాక్ష్యమని చెప్పుటయు కాదు. గాయములు, చూచినవారి మాటలు, ఠాణా రికార్డులు కలిపి చూడవలసినదే.

మనసుకు చికిత్స చేయువారిని కౌన్సెలర్లందురు. కౌన్సెలింగనగా సలహాలిచ్చుట యని మనలో ఒక భ్రమ. "జరిగినదేదో జరిగినది, మరచిపో" అనుట సలహాయే గాని చికిత్స కాదు. మరచుట చేతనైనచో అతడు ఈసరికే మరచియుండును. మొదటి దినములలో కావలసినది చాల తక్కువ. ఇప్పుడు భద్రముగ ఉన్నావా, అన్నము తిన్నావా, ఇంటివారికి తెలుసునా అని విచారించుట; చెప్పదలచినచో వినుట, చెప్పదలపనిచో త్రవ్వకుండుట; వైద్యుని, న్యాయవాదిని, అయినవారిని దగ్గరకు చేర్చుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రకటించిన మానసిక ప్రథమ చికిత్సా విధానపు సారమిదియే. వెంటనే కూర్చుండబెట్టి జరిగినదంతయు ఒక్కమారే కక్కించుట మేలని ఒకప్పుడనుకొనిరి. దానివలన ప్రయోజనము లేదని ఇప్పుడు తేలినది, కొందరికి కీడును కలుగవచ్చును. నిద్రమాత్రల సంగతియు అంతే. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చు మాత్రలతో రెండు రాత్రులు నిద్ర పట్టవచ్చును గాని, మొదటి నెలలో ఈ బాధకు ఆ తరగతి మందులు వాడవలదని అదే సంస్థ 2013లో సూచించినది. వాటికి అలవాటు పడుట సులభము, సారాయికి పడినట్లే.

నెల గడచినను లక్షణములు తగ్గనిచో అసలు చికిత్స కావలెను. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలవంటి పెద్ద ఆసుపత్రులలో మనోవైద్య విభాగములున్నవి. అచట చేయు పని, ముక్కలైన జ్ఞాపకమునకు నెమ్మదిగ తేదీయు వరుసయు కట్టుట. భద్రమైన చోట, నమ్మిన మనిషి ఎదుట, తాళగలిగినంత కొద్దికొద్దిగ జరిగినదానిని చెప్పించుచు పోయినచో, కరణము వణకిన చేతితో విడిచిపెట్టిన పద్దులు మరల చిట్టాకెక్కును. ఎక్కినకొలది అది గతమగును. తప్పించుకొని తిరిగిన చోట్లకు తోడుతో కొంచెము కొంచెముగ పోవుట కూడ ఈ చికిత్సలో భాగమే.

హింసా బాధితుల చికిత్స ఒక ప్రత్యేక శాస్త్రముగ ఎదుగుట ఇటీవలిది. 1974లో డెన్మార్కు వైద్యులు కొందరు ఆమ్నెస్టీ సంస్థ తరఫున బాధితులను పరీక్షింప మొదలిడిరి. వారిలో ఒకరైన ఇంగే గెనెఫ్కె 1982లో కోపెన్‌హేగన్‌లో ప్రత్యేక చికిత్సా కేంద్రమును స్థాపించినది. ఆ కాలముననే చిలీ దేశమున సైనిక పాలన క్రింద నలిగినవారికి అచటి మనస్తత్త్వవేత్తలిద్దరు వేరొక మార్గము కనిపెట్టి 1983లో ప్రకటించిరి. బాధితుని కథను వాంగ్మూలముగ వ్రాసి, అతనికే చదివి వినిపించి, అతడు దిద్దిన పిమ్మట అతని చేతికిచ్చుట ఆ మార్గము. సిగ్గుపడి దాచుకొనినది నేరస్థునిపై ఫిర్యాదుగ మారును. బరువు ఎవరిదో వారివైపు జరుగును.

ఈ వాంగ్మూల చికిత్సను 2008లో వారణాసిలో ఒక మానవహక్కుల సంఘము డెన్మార్కువారి తోడ్పాటుతో మన పల్లెలకు తగినట్లు మార్చినది. అది నాలుగు కూర్పులలో ముగియును. మొదటి రెండింటిలో ఒకరు అడుగుచు, మరియొకరు వ్రాయుచు కథను పూర్తిచేయుదురు. అడుగువారు మనోవైద్యులే కానక్కరలేదు. శిక్షణ పొందిన సంఘ కార్యకర్తలు చాలును. మనోవైద్యుడు అరుదుగ దొరకు సీమలకు ఇది గొప్ప సౌకర్యము. మూడవ కూర్పు ఊరివారి ఎదుట జరుగును: బాధితుడు అంగీకరించినచో ఆతని వాంగ్మూలమును అందరు వినునట్లు చదివి, సన్మానించి, ఆ పత్రమును ఆతని చేతిలో పెట్టుదురు. నాలుగవది ఒకటి రెండు నెలల తరువాత, ఎట్లున్నాడో కనుగొనుటకు. మొదట 23 మందిపై చేసిన చిన్న ప్రయోగములో లక్షణములు తగ్గినట్లు కనబడినది. పోల్చుటకు వేరొక గుంపు లేని ప్రయోగము గనుక దీనిపై గట్టి నిర్ణయములు చేయరాదు. అయినను మూడవ కూర్పులోని ఊహ మెచ్చదగినది. అవమానము ఊరి ఎదుట జరిగినది; దానిని తుడుచుటయు ఊరి ఎదుటనే జరుగుట న్యాయము.

ఇంటివారిని మరువరాదు. తండ్రిని ఈడ్చుకొనిపోవుట చూచిన బిడ్డ పక్క తడుపును, బడికి పోనని మొరాయించును, జీపు ఆట ఆడును. కొట్టి మానిపించునవి కావివి. తండ్రి తిరిగి వచ్చినాడు, రేపు కూడ ఇంట ఉండును అని బిడ్డకు తెలియునట్లు దినచర్య సాగుటయే మందు.

న్యాయము ఆలస్యమగుటయు ఒక గాయమే. 2007 ఆగస్టులో విశాఖ మన్యమునందలి వాకపల్లిలో గాలింపునకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారము చేసిరని 11 మంది కొండజాతి స్త్రీలు ఫిర్యాదు చేసిరి. కేసు 2023 ఏప్రిలులో తేలినది. దర్యాప్తు సరిగా జరుగలేదని పేర్కొని న్యాయస్థానము నిందితులను విడిచిపెట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారమిప్పింపుమని ఆదేశించినది. పదునారేండ్లలో వారు అదే కథను ఎన్నిమారులు, ఎందరి ఎదుట చెప్పవలసివచ్చినదో ఊహించుకొనవచ్చును. చికిత్సలో చెప్పుటకును, నమ్మనివారి ఎదుట చెప్పుటకును చాల భేదము కలదు.

ఇక నివారణ. హింస సాధారణముగ జరుగునది నిర్బంధపు మొదటి గంటలలో, అందును ఏ పుస్తకములోను ఎక్కని గంటలలో. అరెస్టు చూపకుండ ఠాణాలో ఉంచి, పిమ్మట పెద్దమనుషుల మాటపై విడిచిపెట్టినచో, కాగితముపై ఆ రెండు దినములు లేనేలేవు. విడిపించినవారే "కేసు లేదు గదా, గమ్మున ఉండు" అని సర్దిచెప్పుదురు. కాబట్టి నివారణకు మొదటి మెట్టు ఆ గంటలను కాగితమునకెక్కించుట. డి.కె.బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీం కోర్టు చేసిన ఆదేశముల ముఖ్యోద్దేశమిదే: అరెస్టు చేయు అధికారికి స్పష్టముగ చదువదగిన పేరుపట్టీ ఉండవలెను, సమయము, తేదీ వేసి, సాక్షి సంతకముతో అరెస్టు పత్రము వ్రాయవలెను, అయినవారికి తెలియజేయవలెను, నిర్బంధములో 48 గంటలకొకమారు వైద్యపరీక్ష చేయింపవలెను, న్యాయవాదిని కలియనీయవలెను. ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణమే చెప్పుచున్నది. మేజిస్ట్రేటు ఎదుటకు వచ్చినప్పుడు కొట్టినారా అను ప్రశ్నకు, కొట్టినవారు వెనుక నిలిచియుండగా, నిజము చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో చెప్పనక్కరలేదు. పోలీసులను బయటికి పంపి అడుగు మేజిస్ట్రేటు ఒక్క క్షణములో చేయు మేలు ఏ చట్టమును చేయజాలదు.

పూర్వము మనిషిని తీసికొనిపోగానే మేజిస్ట్రేటునకును జిల్లా అధికారికిని టెలిగ్రామిచ్చుట లోకజ్ఞులకు అలవాటు. వేళ పడిన కాగితము చేతిలో ఉండుటయే దాని ప్రయోజనము. టెలిగ్రాము 2013 జూలైలో నిలిచిపోయినది. సెల్‌ఫోను సందేశము, ఈ-మెయిలు, రిజిస్టరు ఉత్తరము ఆ పని చేయును. ఉచిత న్యాయసహాయమునకు 15100 అను నెంబరు కలదు. నేరము ఒప్పించుటకై గాయపరచుట భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షను క్రింద ఏడేండ్లవరకును, తీవ్ర గాయమైనచో పదేండ్లవరకును జైలు శిక్ష విధింపదగిన నేరము. చిత్రహింసకు వ్యతిరేకముగ ఐక్యరాజ్యసమితి 1984లో చేసిన ఒడంబడికపై భారతదేశము 1997లో సంతకము చేసినది గాని దానిని ఇంకను ధ్రువపరచలేదు. 2010లో లోకసభ ఆమోదించిన చిత్రహింస నివారణ బిల్లు చట్టము కాకయే కాలము చెల్లినది. సంతకము చేసి ఇన్నేండ్లు ఊరకుండుటకు తగిన సమాధానము ఎవరును చెప్పలేదు.

ఠాణాలోని మనుష్యుల సంగతియు నివారణలో భాగమే. నిద్ర లేక, సెలవు లేక, పై నుండి రికవరీ ఏదియను ఒత్తిడితో పనిచేయు కానిస్టేబులు మెదడులోను అదే ఎమిగ్డలా ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో పోలీసులకు వారమునకొక సెలవు ప్రకటించుట ఈ దృష్టితో చూచినచో బాధితుల పక్షమున చేసిన పనియే. ఇది కొట్టినవానికి క్షమాపణ కాదు. తరువాత కొట్టబడబోవువానికి రక్షణ.

2020 డిసెంబరు 2న సుప్రీం కోర్టు ప్రతి ఠాణాలోను, లాకప్పులు, వసారాలు, రాకపోకల ద్వారములు అన్నియు కనబడునట్లు, మాటలును వినబడునట్లు సి.సి.టి.వి. కెమెరాలు పెట్టవలెననియు, ఆ చిత్రములను 18 నెలలు, అది వీలుకానిచో కనీసము ఒక సంవత్సరము భద్రపరుపవలెననియు ఆదేశించినది. హింస జరిగినదని ఫిర్యాదు వచ్చినప్పుడు వాటిని తెప్పించుకొను అధికారము మానవహక్కుల కమిషనుకును, న్యాయస్థానములకును కలదు. రాష్ట్ర మానవహక్కుల కమిషను కార్యాలయమును 2021లో కర్నూలులో ప్రారంభించిరి. కమిషనుకు అర్జీ పెట్టుటకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు, తెల్లకాగితముపై తెలుగులో వ్రాసి టపాలో పంపినను చాలును. అయితే జరిగిన దినము నుండి ఒక సంవత్సరము దాటినచో కమిషను దానిని విచారింపజాలదు. చిత్రములు చెరిగిపోవుటకు ఆరంభమగునదియు ఇంచుమించు అప్పుడే.